మాట పోయిన కంప్యూటర్

రండి బిడ్డలారా, ఇటు దగ్గరికి జరగండి. ఆ ఫోన్లు కాసేపు బోర్లా పెట్టి, కాళ్ళు ముడుచుకుని కూర్చోండి. మీలో కొందరు కంప్యూటర్ల పనిలోకి పోవాలని చూస్తున్నారు, ఒకరిద్దరు పోయారు కూడా. మీ క్లాసుల్లో చెప్పని సంగతి ఒకటి నా దగ్గర ఉంది. నవ్వొచ్చిన చోట నవ్వండి గాని, మొత్తం విన్నాకే లేవండి.

నేను ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. మా ఆయన పని చేసే చోట పని ఆగిపోయి ఇల్లు గడవడం కష్టమైనప్పుడు, బోధన్‌లో ఒక కంప్యూటర్ రిపేరు దుకాణంలో ఊడ్చి తుడిచే పనికి కుదిరాను. దుకాణం ఒక ముస్లిం పెద్దమనిషిది. ఆయన మొదట గడియారాలు బాగుచేసేవాడు, తర్వాత రేడియోలు, తర్వాత టీవీలు, చివరికి కంప్యూటర్లు. ఊరంతా ఆయన్ను ఉస్తాద్ అనేది, నేనూ అలాగే పిలిచేదాన్ని. ఒకరోజు ఆయన ఒక డబ్బా మూత విప్పి, లోపల గూడు కట్టిన దుమ్ము నాకు చూపించాడు.

"బహెన్, ఇంట్ల బియ్యంల రాళ్ళు ఏరుతవు గదా. గంతే ఓపికతోని గీ బ్రష్షు పట్టుకో. ఇంకేం చదువు అక్కర లేదు దీనికి."

అలా మొదలైంది నా ఉద్యోగం. మూత తీయగానే అది ఏ పక్క నుంచి వచ్చిందో చెప్పగలిగేదాన్ని. నిజామాబాద్ పసుపు యార్డు నుంచి వచ్చిన దాంట్లో ఫ్యాను రెక్కలు పసుపు పచ్చగా ఉండేవి. రైస్ మిల్లుదైతే లోపలంతా తవుడు. చెరుకు ఫ్యాక్టరీల వైపు నుంచి వచ్చిన వాటిలో పొగగొట్టం నుంచి రాలిన నల్లటి మసి, ముట్టుకుంటే వేళ్ళకు జిడ్డుగా అంటుకునేది. గాలి ఆడక లోపల వేడెక్కి, ఆ మిషన్లు ఉన్నట్టుండి ఆగిపోయేవి. జనం మాత్రం అన్నిటికీ ఒకటే మాట అనేవాళ్ళు, వైరస్ వచ్చిందని. సగం రోగాలు దుమ్ముతో పోయేవి.

తర్వాత తర్వాత అసలు వైరస్‌లు తీయడం కూడా ఉస్తాద్ నేర్పించాడు. ఇంగ్లీషు నేను కూడబలుక్కుని చదవలేను. వాడకట్టులో మనుషుల మొహాలు గుర్తుపట్టినట్టు, ఆ మాటల్ని మొత్తంగా చూసి గుర్తుపట్టేదాన్ని. మిషన్ లేవగానే దానితో పాటు లేచి కూర్చునే ప్రోగ్రాములు కొన్ని ఉంటాయి. వాటిలో నాకు తెలిసిన మొహాలు ఉంటే సరే, కొత్త మొహం కనిపిస్తే ఉస్తాద్‌ను పిలిచేదాన్ని. ఆయన చూసి ఉంచమంటే ఉంచడం, తీయమంటే తీయడం.

మా దుకాణంలో మూడో మనిషి ఒక ఇంజనీర్ పిల్లవాడు. నిజామాబాద్‌లో చదివి వచ్చాడు. చేతి వేగం చాలా ఎక్కువ. మనసు మంచిది, నిలకడ తక్కువ. మేమిద్దరం పొద్దంతా వేళాకోళాలు ఆడుకునేవాళ్ళం. నేను కావాలని "ఇంజనీర్ సాబ్" అంటే, "ఏం జెప్పు, డాక్టరమ్మా" అనేవాడు.

దుకాణానికి ఒక అలవాటు ఉండేది, అది చెప్పకపోతే ముందు చెప్పబోయే సంగతి మీకు అర్థం కాదు. బల్ల మీద ఎప్పుడూ కొన్ని మిషన్లు తెరిచి ఉండేవి. ఒక్కోటీ లేచేటప్పుడు ఒక్కో కూత కూసేది. వెనక సందులోనే మసీదు. నమాజు వేళకు ఇక్కడ ఈ కూతలేంటని ఉస్తాద్‌కు చిరాకు. అందుకని పని చేసే బల్ల మీదకు స్పీకర్ అన్నదాన్ని రానివ్వలేదు. తెర వెలిగిందా, మౌస్ కదిలిందా, ఫైళ్ళు తెరుచుకున్నాయా, అంతే మా పరీక్ష. ఏళ్ళ తరబడి అలాగే నడిచింది. ఎవరూ మమ్మల్ని ఒక్క మాట అనలేదు.

ఇక అసలు సంగతి.

చెరుకు నరుకుడు మొదలైన రోజులు. ఒక ఆటో వచ్చి దుకాణం ముందు ఆగింది. ఆటోవాడు కంప్యూటర్ డబ్బా దింపుకుని లోపలికి వచ్చాడు. వెనక ముప్పై ఏళ్ళలోపు మనిషి, చేతిలో కర్ర, గుమ్మం దగ్గర ఆగాడు.

"అక్కా, ఈడ మెట్టు పెద్దగున్నదా?" అని అడిగాడు.

నేనింకా నోరు విప్పలేదు. "నేనున్నట్టు నీకెట్ల తెలిసె తమ్మీ?"

"గాజుల సప్పుడాయె. ఉస్తాద్ గాజులేసుకోడు గదా."

ఉస్తాద్ పడీ పడీ నవ్వి, లేచి వచ్చి ఆయనే చెయ్యి పట్టుకుని లోపల కూర్చోబెట్టాడు.

ఆ తమ్ముడికి చిన్నప్పుడే చూపు పోయింది. బోధన్ దాటాక రోడ్డు పక్కన ఒక చెరుకు ఫ్యాక్టరీవాళ్ళ ఆఫీసులో ఫోన్ దగ్గర కూర్చునే పని. చెరుకు పండించే రైతు తన ఇష్టం వచ్చిన రోజు నరకడానికి లేదు. ఫ్యాక్టరీవాళ్ళు వంతు ఇస్తారు, దాన్ని పర్మిట్ అంటారు. వంతుకు ముందే నరికితే చెరుకు కింద పడి ఎండుతుంది, రసం పోతుంది, తూకం పోతుంది. వంతు దాటిపోతే కూలీలు వేరే చేనికి వెళ్ళిపోతారు. అందుకని రైతులందరూ ఆఫీసుకు ఫోన్ చేసి, నా వంతు ఎప్పుడని అడుగుతారు. పేరు చెబితే ఈ తమ్ముడు కంప్యూటర్‌లో వెతికి చెప్పాలి.

చూపు లేని మనిషి కంప్యూటర్‌లో ఎలా వెతుకుతాడని మీకు అనుమానం రావాలి. నాకూ వచ్చింది. అతను జేబులోంచి ఇయర్‌ఫోన్ తీసి, తడుముకుంటూ మిషన్‌కు గుచ్చి, ఒక కొస నా చెవిలో పెట్టాడు. తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే ప్రోగ్రామ్ ఒకటి ఉందట. రేకుల మీద వాన పడ్డట్టు గడగడా ఏదో చెప్పుకుపోయింది. ఒక్క ముక్క తెలిస్తే ఒట్టు.

"గింత ఉరుకుతదేంది తమ్మీ?"

"మెల్లగ జెప్తే నాకు నిద్రొస్తది అక్కా."

ఆ గొంతు ఇంగ్లీషు గొంతు. రైతుల పేర్లు, ఊర్ల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటే అది దొరలా పలికేది. నవీపేట్ ఏదో, ధర్పల్లి ఏదో తెలిసేది కాదు. పోచంపాడ్‌ను వింటే నోట్లో వేడి ముద్ద పెట్టుకుని మాట్లాడినట్టు ఉండేది. ఒక్కో మాటను ఎలా పలకాలో దానికి విడిగా రాసి నేర్పించవచ్చు. సీజన్లు సీజన్లుగా, ఫోన్ మోగని వేళల్లో కూర్చుని, ఈ తమ్ముడు అన్ని ఊర్లనూ, ఇంటిపేర్లనూ, మనుషుల పేర్లనూ దానికి నేర్పాడు. ఒకే ఊళ్ళో ఒకే పేరున్న రైతులుంటే ఇంటిపేరు తేడా చెవికి తెలియాలి. లేకపోతే ఒకరి వంతు ఇంకొకరికి చెప్పేస్తాడు, ఒకరి చెరుకు ఎండిపోతుంది.

"ఇప్పుడేమైంది?" అన్నాడు ఉస్తాద్.

"బటన్ నొక్కి, చాయ్ తాగి గ్లాసు కడుక్కొచ్చినంక మాట్లాడ్తది ఉస్తాద్. నడిమిట్లనే పడుకుంటది. ఫోన్‌ల రైతు మీదవడి తిడుతుంటడు." అని, మళ్ళీ "ఆఫీసరు సారు మంచోడే. గని సీజన్‌ల ఫోన్ ఆగితే పైనోళ్ళు ఆయన మెడ మీద కూసుంటరు. ఇంకొక్కసారి గిట్లయితే ఆ కుర్చీల ఇంకొకల్లను కూసోవెడ్త అన్నడు."

"నీకు ఇంకేదన్న పని ఇయ్యరా ఆడ?" అని నేను అడిగాను.

"కాటా కాడ లారీలు జూసుడు నాతోని అయితదా అక్కా? ఆ కుర్చీ ఒక్కటే నాది. అంతకుముందు రైళ్ళల్ల తాళంచెవుల గొలుసులు అమ్మేటోన్ని. మెట్ల కాడ ఎవలన్న తోస్తరేమోనని గొలుసుల కట్ట కంటె తలుపు కంబినే గట్టిగ పట్టుకుంటుంటి. మళ్ళ గా రైలు ఎక్కుడు నాకిష్టం లేదు."

ఆ మాట ఏడుస్తూ చెప్పలేదు. ఎండ ఎక్కువగా ఉందని చెప్పినట్టు చెప్పాడు.

ఆరోజు అతను పక్కన కూర్చుని ఉండగానే పని చేశాం. ముందు మసి దులిపాను, ఫ్యాను శుభ్రం చేశాను. మిషన్‌తో పాటు లేచే వాటిలో కొత్త మొహం ఒకటి ఉంది, ఉస్తాద్ చూసి పీకేశాడు. అతని పెన్‌డ్రైవ్‌లో ఫైళ్ళన్నీ మాయమై, వాటి జాగాలో బాణం గుర్తుతో దొంగ ఫైళ్ళు కనిపించాయి. వాటిని నొక్కితే వైరస్ లోపలికి పాకుతుంది. అసలువి దాక్కుని ఉంటే బయటికి తీశాం. ఇయర్‌ఫోన్‌లో గొంతు మళ్ళీ గడగడలాడింది. సంతోషంగా వెళ్ళిపోయాడు.

వారం గడిచిందో లేదో మళ్ళీ వచ్చాడు. అదే రోగం. మళ్ళీ తీశాం. ఉస్తాద్‌కు అవమానంగా ఉంది. గడియారం ముల్లు కూడా తన చేతి నుంచి రెండోసారి వెనక్కి రాలేదని చెప్పుకునే మనిషి ఆయన.

మూడోసారి తమ్ముడు రాలేదు. చెరుకు ఆఫీసరు విసిగిపోయి, ఆఫీసులో ఉన్న డబ్బాలన్నిటికీ ఒకేసారి మందు వేయించాలని, కాటా దగ్గరిదీ, స్టోరుదీ, ఫోన్ దగ్గరిదీ అన్నీ కలిపి ట్రాక్టర్‌లో పంపించాడు. అన్నీ ఒకే రంగు, అన్నిటికీ ఒకే మసి. వాటిలో తమ్ముడిది ఏదని దుకాణంలో ఎవరూ అడగలేదు. రెండు రోజుల్లో కావాలని కబురు.

ఇంజనీర్ పిల్లవాడు చొక్కా చేతులు పైకి మడిచాడు. "ఉస్తాద్, పైపైన గీకితే గిది పోదు. అన్నీ ఫార్మాట్ కొట్టి కొత్తగ ఎక్కిద్దాం. ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకుంటున్నది."

"లోపల దాచుకునేటియి ఉంటయి కదరా."

వాడు ఫ్యాక్టరీ ఆఫీసుకు ఫోన్ చేశాడు. అవతల ఎత్తింది ఒక గుమస్తా. పేర్లు, వంతులు అన్నీ పెద్దాఫీసు కాడ కూడా ఉన్నాయనీ, భయం లేకుండా కొట్టేయమనీ చెప్పాడు. చెప్పింది నిజమే. ఆయనకు తెలిసినంతవరకు లోపల ఇంకేమీ లేదు.

మొత్తం తుడిచేశారు. పెద్దాఫీసు నుంచి తెప్పించిన పేర్లతో సహా కొత్తగా అన్నీ ఎక్కించారు. మిషన్లు నొక్కీ నొక్కకముందే లేచి నిలబడ్డాయి. తెరలు తళతళా మెరిశాయి. మౌసు కదిలింది, ఫైళ్ళు తెరుచుకున్నాయి. ఉస్తాద్ ఒక్కో డబ్బా మీద చెయ్యి వేసి "బస్, అయిపాయె, తీస్కపో" అన్నాడు.

వాటిని తీసుకెళ్ళి, వైర్లు పెట్టి, నడుస్తున్నట్టు చూపించి రావడం నా వంతు.

ఫ్యాక్టరీ ఆవరణ నిండా చెరుకు ట్రాక్టర్లు. ఆఫీసు కిటికీ దగ్గర రైతులు గుంపుగా ఉన్నారు. లోపల ఆఫీసరు, నిద్ర లేక కళ్ళు గుంటలు పడ్డ మనిషి, ఒక చెవి దగ్గర ఫోను పెట్టుకుని మాట్లాడుతూనే నాకు చేత్తో జాగా చూపించాడు. తమ్ముడు గోడ పక్కన నిలబడి ఉన్నాడు. నా గాజులు విని నవ్వాడు. "వచ్చినవా అక్కా. ఈసారన్న పీడ వదిలిందా?"

"వదిలింది తమ్మీ. మా ఇంజనీర్ సాబ్ ఏర్లతోని పీకిండు."

నేను వైర్లు పెడుతుండగా ఒక ట్రాక్టర్ డ్రైవరు పిల్లవాడు పాట హమ్ చేసుకుంటూ లోపలికి వచ్చి, బల్ల మీద పెన్‌డ్రైవ్ పెట్టాడు. కాటా దగ్గర తూకం వేసిన లెక్కలు రోజూ ఈ ఆఫీసుకు రావాలి. రెండింటికీ మధ్య వైరు లేదు. ఇటు ఎవరు వస్తుంటే వాళ్ళ చేతిలో పెన్‌డ్రైవ్ పెట్టి పంపుతారు. దాన్ని చేతిలోకి తీసుకుంటే వెచ్చగా ఉంది.

"గిదెందుకు గింత గరమున్నది రా?"

"ఇప్పుడే ట్రాక్టర్ పాటల డబ్బలకెల్లి తీసిన అక్కా. పాటలు దీన్లనే ఉంటయి."

"కాటా లెక్కల దాన్ల పాటలు ఎక్కిస్తరారా?"

"ఖాళీ జాగ ఉండె గదా. బజార్ల మొబైల్ దుకాణంల నింపించిన. నేనొక్కన్నే గాదు, డ్రైవర్లందరం గిదే తిప్పుకుంటం. పాట లేకుంటే గంత లోడుతోని నిద్రొస్తది అక్కా, ఏడన్న బోర్ల వడ్డమనుకో, చెరుకు కూడ వోతది, నేను కూడ వోత."

నాకు ఒక్కసారి దారంతా కళ్ళకు కట్టింది. బజారులో పాటలు నింపే కంప్యూటర్, దాన్నుంచి పెన్‌డ్రైవ్, దాన్నుంచి ట్రాక్టరు, ట్రాక్టరు నుంచి ఆఫీసు. మేము దుకాణంలో ఎన్నిసార్లు కడిగినా, రోజూ మళ్ళీ పాటతో పాటు రోగం వచ్చి కూర్చుంటోంది. ఆఫీసరుకు చెబితే తల పట్టుకున్నాడు. నవ్వాలో తిట్టాలో తెలియక, "పాటలకు వేరేది కొనుక్కోరా, పైసలు నేనిస్త" అన్నాడు. అందరం నవ్వాం. పని పూర్తయిందని అనుకున్నాను. మిషన్ మీట నొక్కాను.

తెర వెలిగింది. ఆఫీసరు వంగి చూసి, "గిట్లుండాలె. ఏమన్న స్పీడా" అన్నాడు. తమ్ముడు తన కుర్చీలో కూర్చుని, ఇయర్‌ఫోన్ గుచ్చుకుని, మీటల మీద వేళ్ళు పెట్టాడు.

ఏదో నొక్కాడు. ఆగాడు. మళ్ళీ నొక్కాడు. తెర మీద బొమ్మలు అతను నొక్కినట్టల్లా తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. అతని మొహంలో మాత్రం ఏమీ కదలడం లేదు. ఇయర్‌ఫోన్ తీసి ఊది మళ్ళీ పెట్టుకున్నాడు. అప్పటికీ ఎవరికీ అనుమానం లేదు. ఫోన్ మోగడం మొదలైంది.

"అక్కా," అన్నాడు, గొంతు తగ్గించి, "సప్పుడు వైరు పెట్టినవా?"

వైరు సరిగానే ఉంది. సప్పుడు కూడా ఉంది. చదివి చెప్పే ప్రోగ్రామే లేదు. అప్పుడు తట్టింది నాకు. మేము ఆ డబ్బాను మా కళ్ళతో చూసి బాగుచేశాం. అది మా అందరికీ కొత్తదానిలా ఉంది. అతనికి మాత్రం ఒట్టి ఇనుము.

కిటికీ దగ్గర నవీపేట్ వైపు నుంచి వచ్చిన ఒక ముసలి రైతు తల లోపలికి పెట్టాడు. "బిడ్డా, నా వంతు ఇయ్యాలనా, రేపా? కూలోళ్ళు చేన్ల నిలవడ్డరు. జెర చెప్పు."

తమ్ముడు ఆ గొంతు వైపు తిరిగాడు. "తాతా, ఇయ్యాల నాకు తెల్వదు."

ఫోన్ మోగుతూనే ఉంది. ఆఫీసరు కాసేపు చూశాడు. తెర బాగానే ఉంది, మిషన్ బాగానే ఉంది, మనిషే జవాబు చెప్పడం లేదు. ఆయనకు కనిపించింది అదే. గుమస్తాను పిలిచి, "నువ్వు జెర ఈడ కూసో" అన్నాడు. గట్టిగా అనలేదు. తమ్ముడి భుజం మీద చెయ్యి కూడా వేశాడు. తమ్ముడు లేచాడు. ఆ గది అతనికి కొట్టినపిండి, ఎన్నాళ్ళ నుంచో కర్ర లేకుండా తిరిగిన గది. లేచినవాడు తలుపు వైపు కాకుండా బీరువా వైపు నడిచి, దానికి తగిలి ఆగిపోయాడు.

నేను చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చి కాటా పక్కన సిమెంటు గద్దె మీద కూర్చోబెట్టాను. ఉస్తాద్‌కు ఫోన్ చేశాను. ఆయన "వస్తున్న" అని పెట్టేశాడు. ఇంజనీర్ పిల్లవాణ్ణి స్కూటర్ వెనక ఎక్కించుకుని వచ్చాడు. సీజన్ రోజు, దుకాణం నిండా పని, షట్టరు వేసి వచ్చాడు.

ముందు ఆఫీసరు దగ్గరికే పోయాడు. "సాబ్, గలతీ మాది. పిల్లగానిది గాదు. ఆయన చెవుల పలికేదాన్ని మేమే తుడిచినం."

"గలతీ ఎవరిదైతేంది ఉస్తాద్? రైతుకు జవాబు గావాలె. ఇయ్యాలంత గుమస్తా చూస్తడు. రేపు పొద్దుగాల ఫోన్లు మొదలయ్యేటాళ్ళకు ఆయన జెప్పగలిగితే ఆయనే కూసుంటడు. లేకుంటే నేను పైన ఏమని చెప్పాలె?"

తప్పు మాట కాదు. ఆయన జాగాలో ఎవరున్నా అదే అంటారు.

ఇంజనీర్ పిల్లవాడు గద్దె ముందు నేల మీద కూర్చున్నాడు. "అన్నా, ఈ డబ్బలల్ల నీదొకటి ఉంటదని నాకు తట్టలే" అన్నాడు.

"నన్ను అడిగితే జెప్తుంటి గదా తమ్మీ," అన్నాడు అతను. అంతే. కోపం ఉంటే బాగుండేది. కోపాన్ని మనం సర్దుకోగలం.

ప్రోగ్రామ్ దొరకడం కష్టం కాలేదు. పిల్లవాడు స్టోరు మిషన్‌ను గుమస్తాకు పెట్టి, తమ్ముడిదాన్ని ఆఫీసు వసారాలో ఇంకో బల్ల మీదకు తెచ్చి, తన ఫోన్ నుంచి నెట్టు ఇచ్చి, దాన్ని దింపి ఎక్కించాడు. ఇయర్‌ఫోన్‌లో గొంతు వచ్చింది. తమ్ముడి మొహం విప్పారింది. ఒక రైతు పేరు తెరిచి విన్నాడు. మళ్ళీ విన్నాడు. విప్పారిన మొహం మూసుకుపోయింది. గొంతు వచ్చింది గాని, అతను నేర్పిన పలుకు ఒక్కటీ లేదు. ఊర్లన్నీ మళ్ళీ దొర మాటలే. సీజన్ల తరబడి నేర్పినదంతా ఒక్క ఫార్మాట్‌తో పోయింది. పిల్లవాడు తుడిచిపోయినవాటిని వెతికే సాధనాలన్నీ నడిపించాడు. ఏదీ చేతికి రాలేదు.

ఉస్తాద్ బల్ల దగ్గరికి జరిగి, "మళ్ళ నేర్పుదాం" అన్నాడు.

"ఒక్క పూటల అయితదా ఉస్తాద్?"

"అయ్యేటంత అయితది."

అప్పుడు ఆ నవీపేట్ ముసలి రైతు, గుమస్తా దగ్గర వంతు తెలుసుకుని వెళ్ళబోతున్నవాడు, మా దగ్గర ఆగాడు. మేమేం చేస్తున్నామో అడిగి తెలుసుకున్నాడు. కర్ర పక్కన పెట్టి కూర్చుని, "నా పేరు నేనే జెప్త, రాస్కో బిడ్డా. నా పేరు నాకంటె మంచిగ ఎవలు పలుకుతరు?" అన్నాడు. ఆయన చెప్పాడు, తమ్ముడు రాశాడు. ఇయర్‌ఫోన్ తీసేసి, ఆఫీసరు ఫోన్‌కు ఉండే చిన్న స్పీకర్ తగిలించి వినిపించాడు. గొంతు అటూ ఇటూ తిప్పి ఏదో అంది.

"నేనట్ల లేను," అన్నాడు ముసలాయన.

ఇంకోలా రాశాడు. ఈసారి దగ్గరికి వచ్చింది. మళ్ళీ ఒక అక్షరం మార్చాడు. ఆ డబ్బా ముసలాయన పేరును ఇంటిపేరుతో సహా స్పష్టంగా పలికింది. ఆయన చుట్టూ చూసి మెల్లగా నవ్వాడు, సొంత పేరు మొదటిసారి విన్నట్టు.

అంతే, కిటికీ దగ్గరి గుంపు కదిలి వసారాలోకి వచ్చింది. కాటా దగ్గర ఖాళీగా కూర్చున్న వాళ్ళు వచ్చారు. ఒకరి తర్వాత ఒకరు పేరు చెప్పడం, ఊరు చెప్పడం, డబ్బా పలకడం, "కాదు కాదు, జెర సాగదియ్యాలె" అని ఒకరు, "మీ ఇంటిపేరు మిషన్‌కు మింగుడు వడ్తలేదు మామా" అని ఇంకొకరు. సరిహద్దు అవతలి నుంచి వచ్చి ఇటు చెరుకు వేసిన ఒక మరాఠీ ఆయన పేరు ఎంతకీ కుదరలేదు. ఆయన ఓపికగా నిలబడి, చివరికి అది పలకగానే, "ఆతా బరోబర్" అని, ఇప్పుడు కుదిరిందన్నట్టు తమ్ముడి వీపు తట్టి వెళ్ళాడు. రాని రైతుల పేర్లు మిగిలాయి. ఫోన్లు తగ్గాక ఆ గుమస్తానే, తమ్ముడి కుర్చీలో కూర్చున్నవాడే, లేచి వచ్చి ఒక్కో పేరూ చదివి వినిపించాడు. నేను అందరికీ చాయ్ తెచ్చాను. ఉస్తాద్ కాటా గద్దె మీద తువ్వాలు పరిచి నమాజు చేసుకుని వచ్చి మళ్ళీ కూర్చున్నాడు. చీకటి పడేవేళకు ఊర్లన్నీ అయ్యాయి. మనుషులు సగం కూడా కాలేదు.

మర్నాడు పొద్దున్నే పోయాం. తమ్ముడు అప్పటికే కుర్చీలో ఉన్నాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. ఆఫీసరు వెనకాల చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మొదటి ఫోన్ మోగింది. తమ్ముడు ఎత్తాడు. పేరు కొట్టాడు, విన్నాడు, వంతు చెప్పాడు. రెండోది కూడా. ఆ తర్వాతి ఫోన్‌కు గొంతు ఏదో అర్థం కానిది చెప్పింది. ఇయర్‌ఫోన్ చెవికి నొక్కుకుని మళ్ళీ విన్నాడు.

"అన్నా, మీ పేరు ఇంకొక్కసారి జెప్పుండ్రి. ఇంటిపేరుతోని," అన్నాడు తమ్ముడు. రాసుకున్నాడు, సరిచేసుకున్నాడు, వెతికాడు. కొంచెం ఆలస్యమైంది, అంతే. రైతుకు జవాబు దొరికింది. ఆరోజంతా అలాగే, తెలియని పేరు వచ్చినప్పుడల్లా అడిగాడు. ఆఫీసరు కొన్ని ఫోన్లు విని, ఏమీ అనకుండా కాటా వైపు వెళ్ళిపోయాడు. ఆ వెళ్ళిపోవడమే ఆయన తీర్పు. కుర్చీ తమ్ముడికి మిగిలింది.

తర్వాత మా దుకాణంలో కొన్ని మారాయి. ఎవరు మిషన్ తెచ్చినా ఉస్తాద్ రోగం అడగడం మానేశాడు. "దీంతోని నువ్వేం పని జేస్తవు? జేసి సూపెట్టు," అనేవాడు. తీసుకుపోయేటప్పుడు కూడా వాళ్ళతోనే నడిపించేవాడు. ఇంజనీర్ పిల్లవాడు ఫార్మాట్ మాట ఎత్తే ముందు మనిషి కోసం కబురు పంపేవాడు, మనిషి వచ్చేదాకా స్క్రూ విప్పేవాడు కాదు. వేగం తగ్గింది. మేము వాడి నిదానాన్ని ఆటపట్టించేవాళ్ళం, వాడు పడేవాడు.

నేను పని మానేయడానికి ముందటి సంవత్సరాల్లో ఆ తమ్ముడు ఇంకా ఎన్నోసార్లు వచ్చాడు, మసి దులపడానికో, ఫ్యాను మార్చడానికో. మాతో ఎప్పటిలాగే నవ్వుతూ మాట్లాడేవాడు. కానీ డబ్బాను ఒక్కదాన్ని మా దగ్గర వదిలి చాయ్‌కి కూడా పోలేదు. నేను మూత విప్పుతున్నంతసేపూ అతని అరచెయ్యి దాని పక్క రేకు మీద ఉండేది. నేను బ్రష్షు ఆ పక్కకు తిప్పినప్పుడు చెయ్యి కొంచెం జరిగేది, మళ్ళీ వచ్చి ఆనేది. అది మా మీద కోపం కాదు, నాకు తెలుసు. జరగమని నేను ఒక్కసారీ అనలేదు. ఆ చేతిని తప్పించుకుంటూనే దుమ్ము తీశాను.

వైరస్‌లు తీయడం మీకు నాకంటే వందరెట్లు బాగా వస్తుంది బిడ్డలారా, అందులో నేను చెప్పేదేమీ లేదు. పోయిరండి, మీ పని మీరు చేసుకోండి. మీ ఇళ్ళల్లో ఎవరు ఏ కుర్చీలో కూర్చుని అన్నం సంపాదిస్తున్నారో ఆ కుర్చీ వాళ్ళకు నిలవాలి. మీ గడపలో ఎవరి మాటా పోకుండా, ఒకరు పలికితే వినే చెవులు ఎప్పుడూ ఉండాలి. మీ ఇల్లు, మీ పిల్లలు, మీ పొయ్యి, అన్నీ చల్లగా ఉండాలి.